గన్‌స్మిత్ పని నేర్చుకోవాలంటే ఏ దారి మంచిది? అమెరికాలోని తెలుగువాళ్ల కోసం ఒక పోలిక

టెక్సస్‌లోనో జార్జియాలోనో స్థిరపడి, వారాంతాల్లో షూటింగ్ రేంజ్‌కు వెళ్లడం అలవాటైనవాళ్లలో కొందరికి కొన్నాళ్లకు కాల్చడం కన్నా ఆ యంత్రం మీదే ధ్యాస మళ్లుతుంది. ట్రిగ్గర్ ఎందుకు గరుకుగా తగులుతోంది? కాల్చాక మిగిలే తూటా తొడుగు, అంటే ఖాళీ కేస్, బయటికి రాకుండా ఎందుకు ఇరుక్కుంటోంది? తుప్పు పట్టిన పాత షాట్‌గన్‌ను మళ్లీ మనిషి చేతిలో పెట్టేలా చేయొచ్చా? ఈ ప్రశ్నలు వచ్చినవాళ్లు నేర్పే చోటు కోసం వెతికితే రెండేళ్ల కాలేజీ డిగ్రీలు, ఇంట్లో కూర్చుని చేసే సర్టిఫికెట్ కోర్సులు, వారం రోజుల వేసవి క్లాసులు, గంటలకొద్దీ వీడియోలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఫీజులకు పొంతన ఉండదు. ఎవరి కోర్సు గొప్ప వాళ్లు చెప్పుకుంటారు.

నా మాట ముందే చెప్పేస్తాను. తుపాకులు బాగుచేసే ఈ గన్‌స్మిత్ పనిలో సగానికి పైగా లోహం పని. ఆకురాయి పట్టడం, కొలవడం, లేత్ మిషన్ మీద తిప్పడం, చెక్క చెక్కడం, తప్పు ఎక్కడుందో ఓపికగా వెతకడం. అందుకే చాలామందికి మొదటి మెట్టు తుపాకీ అన్న పేరే లేని చోట, ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలోని మెషిన్ షాప్ క్లాసులో ఉంది. మిగతా దారులు దేనికదే మంచివి, కాకపోతే అన్నీ అందరికీ పనికిరావు.

## అన్నిటికన్నా ముందు వీసా

ఈ విషయం కోర్సుల ప్రకటనల్లో ఎవరూ రాయరు. మనవాళ్లకు మాత్రం ఇదే మొదటి ప్రశ్న కావాలి.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమిగ్రంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. ఎఫ్-1, హెచ్-1బీ, హెచ్-4 మూడూ ఇందులోకే వస్తాయి. హెచ్-4 మీద ఉండి పనిచేసే అనుమతి కార్డు చేతిలో ఉన్నా వీసా రకం మారదు కాబట్టి నిషేధం అలాగే ఉంటుంది. చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి. అందులో మనవాళ్ల నోట ఎక్కువగా వినపడేది హంటింగ్ లైసెన్సు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే ఈ నిషేధం వర్తించదు. కానీ ఆ ఒక్క కాగితాన్ని నమ్ముకుని రెండేళ్ల చదువో వ్యాపారమో మొదలుపెట్టడం నాకు ఏ మాత్రం నచ్చని ఆలోచన. లైసెన్సు గడువు ఒక్కరోజు దాటినా నేరం కిందికి పోతుంది. తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి ఇమిగ్రేషన్ చట్టంలో అది విడిగా ఒక కారణం. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి క్యూలో నిలబడ్డ కుటుంబానికి అంత రిస్కు ఎందుకు?

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు తుపాకుల షాపులో సాయంత్రాలు సాయం చేయడం కూడా కుదరదు. స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పనిచేయకూడదు కదా. జీతం తీసుకోకపోతే ఫర్వాలేదనుకోవద్దు, అక్కడే చిక్కుల్లో పడతారు. ఏ అనుమానం ఉన్నా ఇమిగ్రేషన్ లాయర్‌ను అడిగాకే అడుగు వేయండి.

అయితే హెచ్-1బీ, హెచ్-4 మీద ఉన్నవాళ్లు కాలేజీలో క్లాసులు చదువుకోవచ్చు. మెషిన్ షాప్ క్లాసులో తుపాకీ ఉండదు. గ్రీన్‌కార్డు వచ్చేలోపు చేయి తిరగడానికి ఇంతకన్నా మంచి వాడకం ఆ సమయానికి ఇంకొకటి కనపడదు.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, పౌరులకు ఈ అడ్డంకి లేదు. రాష్ట్ర చట్టాలు మాత్రం వేర్వేరు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో ఉండేవాళ్లు టెక్సస్ స్నేహితుడు చెప్పింది తమకూ వర్తిస్తుందని అనుకోకూడదు.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

నేనైతే నాలుగు విషయాలు చూస్తాను. మీరు చేసిన పనిని గురువు పక్కన నిలబడి చూసి తప్పు చెప్పే గంటలు ఎన్ని అన్నది మొదటిది. ఫీజుతో పాటు పనిముట్లకు ఎంతవుతుంది అన్నది రెండోది. ఉద్యోగం, ఇల్లు వదలాలా అన్నది మూడోది. నాలుగోది మీరే తేల్చుకోవాలి. సొంత తుపాకుల వరకు చాలా, జనం దగ్గర డబ్బు తీసుకుని చేయాలా?

వీటిలో మొదటిదానికి నేను ఎక్కువ బరువిస్తాను. ఆకురాయి పట్టినప్పుడు చేయి పక్కకు వాలుతుంటే అది మనకు తెలియదు. చదునుగానే ఉందనిపిస్తుంది. పక్కనున్నవాడు స్టీలు స్కేలు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టి చూపిస్తే అప్పుడు తెలుస్తుంది. వీడియో ఆ పని చేయలేదు.

| దారి | పట్టే కాలం | ఖర్చు | గురువు ముందు చేతిపని | ఎవరికి |
|---|---|---|---|---|
| కమ్యూనిటీ కాలేజీ గన్‌స్మిత్ డిగ్రీ | దాదాపు రెండేళ్లు | ఫీజు మధ్యస్థం, పనిముట్లు అదనం | చాలా ఎక్కువ | దీన్నే బతుకుతెరువు చేసుకునేవాళ్లకు |
| ప్రైవేటు ట్రేడ్ స్కూలు | ఏడాది పైన | ఎక్కువ | చాలా ఎక్కువ | త్వరగా ముగించాలనుకునేవాళ్లకు |
| ఇంటి దగ్గరి మెషిన్ షాప్ క్లాసు | సెమిస్టర్ లెక్కన | తక్కువ | ఎక్కువ, కానీ తుపాకీ మీద కాదు | ఉద్యోగం వదలలేనివాళ్లకు, వీసా మీద ఉన్నవాళ్లకు |
| వేసవి షార్ట్ క్లాసులు | ఒక్కో అంశానికి సుమారు వారం | మధ్యస్థం, ప్రయాణం అదనం | ఉన్నంతసేపూ బాగా | కొంత చేయి తిరిగినవాళ్లకు |
| దూరవిద్య, వీడియోలు | మీ వీలును బట్టి | తక్కువ నుంచి ఎక్కువ దాకా | దాదాపు లేదు | సిద్ధాంతం కోసం, ఇతర దారులకు తోడుగా |
| షాపులో సహాయకుడిగా | ఏళ్లు | ఖర్చు లేదు, ఆదాయం కొద్దిగా | గురువును బట్టి | దగ్గర్లో మంచి గన్‌స్మిత్ ఉన్నవాళ్లకు |

## కాలేజీ డిగ్రీ

అమెరికాలో ఈ విద్యకు పాత పేర్లు ఒకటి రెండున్నాయి. కాలిఫోర్నియా ఉత్తరాన సూసన్‌విల్‌లోని లాసెన్ కమ్యూనిటీ కాలేజీలో 1945 నుంచి నేర్పుతున్నారు. కొలరాడోలోని ట్రినిడాడ్ స్టేట్ కాలేజీలో 1947లో మొదలైంది. ఓక్లహోమాలో టిషోమింగో ఊళ్లోని ముర్రే స్టేట్ కాలేజీ, నార్త్ కరోలినాలో ట్రాయ్ దగ్గరి మాంట్‌గోమరీ కమ్యూనిటీ కాలేజీ, ఆరిజోనాలోని యావపాయ్ కాలేజీ కూడా పేరున్నవే. మొదటి రెండూ పుట్టిన కాలం చూడండి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు తిరిగొచ్చిన రోజులవి. వాళ్ల చదువుకు ప్రభుత్వం జీఐ బిల్ కింద డబ్బిచ్చింది, వృత్తి విద్యకు గిరాకీ పెరిగింది.

ఇలాంటి చోట్ల మొదటి నెలల్లోనే తుపాకీ విప్పుతామని ఆశపడి వెళితే నీరసపడతారు. ముందు బెంచ్ పని ఉంటుంది. ఒక ఉక్కు దిమ్మెను చేత్తో ఆకురాయి పట్టి అన్ని ముఖాలూ చదునుగా, మూలలన్నీ సరిగ్గా 90 డిగ్రీలకు తేవాలి. తర్వాత పంచ్‌లు, స్క్రూడ్రైవర్ల లాంటి సొంత పనిముట్లు చేసుకోవాలి. స్క్రూడ్రైవర్ దగ్గరే ఆగి ఒక మాట. మామూలు హార్డ్‌వేర్ షాపు స్క్రూడ్రైవర్ మొన కోసుగా ఉంటుంది. తుపాకీ స్క్రూ గాడిలో అది పైపైనే పట్టి జారి, గాడి అంచులు చెడగొడుతుంది. అంచులు రెండూ సమాంతరంగా ఉండేలా సాన పట్టిన బిట్లు వాడాలి. పాత తుపాకీల మీద నలిగిన స్క్రూ తలలు కనపడితే పని రాని చేయి పడిందని వెంటనే తెలిసిపోతుంది.

ఆ తర్వాతే లేత్, మిల్లింగ్, వెల్డింగ్, చెక్క స్టాకు (భుజానికి ఆనించే భాగం) పని, పూతల పని. హాట్ బ్లూయింగ్ అనే నల్లటి పూతను కాస్టిక్ సోడా కలిపిన ద్రావణాన్ని 140 డిగ్రీల సెల్సియస్ దాకా మరిగించి వేస్తారు. ఆ తొట్టిలో రెండు చుక్కల నీళ్లు పడినా చిమ్ముతుంది. ఇంటి గ్యారేజీలో, పిల్లలు తిరిగే చోట నేర్చుకోవాల్సిన పని కాదది. గాలి ఆడే గది, కళ్లద్దాలు, పక్కన తెలిసినవాళ్లు ఉండే కాలేజీలోనే దాని మెళకువ పట్టాలి.

ఫీజు విషయంలో రాష్ట్ర నివాసులకు కాలిఫోర్నియా బాగా కలిసొస్తుంది. అక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో యూనిట్‌కు 46 డాలర్లు. 60 యూనిట్ల డిగ్రీ అనుకుంటే 2,760 డాలర్లు. పనిముట్ల పెట్టెకు వేరే పెట్టుబడి కావాలి, అది వేలల్లోనే ఉంటుంది. అసలు భారం ఫీజులో కనపడదు. సూసన్‌విల్, ట్రినిడాడ్, టిషోమింగో అన్నీ చిన్న ఊళ్లు. డాలస్‌లో ఇంటి అప్పు, పిల్లల స్కూలు ఉన్న మనిషి రెండేళ్లు అక్కడికి మారలేడు. హైస్కూలు అయిపోయి, చేతిపని ఇష్టపడే పిల్లాడికో పిల్లకో మాత్రం ఇది నిజంగా మంచి చదువు. "ఇంజనీరింగ్ కాదా?" అని మొహం ముడవకుండా అమ్మానాన్నలు ఒకసారి ఆ వర్క్‌షాపు చూసిరండి. అక్కడ నేర్చిన లేత్ పని గన్‌స్మిత్ ఉద్యోగం దొరక్కపోయినా అన్నం పెడుతుంది.

పిట్స్‌బర్గ్‌లో 1949 నుంచి ఉన్న పెన్సిల్వేనియా గన్‌స్మిత్ స్కూలు లాంటి ప్రైవేటు ట్రేడ్ స్కూళ్లలో సాధారణ సబ్జెక్టులు లేకుండా పనే నేర్పుతారు కాబట్టి త్వరగా ముగుస్తుంది. ఫీజు ఎక్కువ. పెద్ద నగరంలో ఉండటం కుటుంబం ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం.

## ఇంటి దగ్గరి మెషిన్ షాప్ క్లాసు

ఎవరూ పెద్దగా పట్టించుకోని దారి ఇది. చాలా కమ్యూనిటీ కాలేజీల్లో మెషినింగ్ క్లాసులు సాయంత్రాలు కూడా ఉంటాయి. మైక్రోమీటర్‌తో వెయ్యో వంతు అంగుళం కొలవడం, లేత్ మీద నాలుగు దవడల చక్‌లో వస్తువును సరిగ్గా మధ్యకు తేవడం, మరలు కోయడం, ఉక్కును గట్టిపరచి మళ్లీ టెంపర్ చేయడం అన్నీ నేర్పుతారు. తర్వాత బ్యారెల్ (తుపాకీ గొట్టం) అమర్చే పని నేర్చుకునే రోజున ఇందులో కొత్తగా ఉండేది కొద్దిగానే.

లోపం కూడా చెప్పాలి. తుపాకీ ఎలా పనిచేస్తుందో ఇక్కడ ఎవరూ చెప్పరు. చాలా కాలేజీల ప్రాంగణంలోకి తుపాకీ తేవడమే నిషిద్ధం, దాని భాగాలు చేస్తామని అడగడం కూడా బాగుండదు. ఆ వెలితిని చదివీ, చూసీ పూడ్చుకోవాలి.

## దూరవిద్య, వీడియోలు

ఆరిజోనాకు చెందిన సోనోరన్ డెజర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆన్‌లైన్‌లో డిగ్రీ దాకా ఇస్తుంది. పెన్ ఫాస్టర్ దూరవిద్య కోర్సు అమ్ముతుంది. అమెరికన్ గన్‌స్మితింగ్ ఇన్‌స్టిట్యూట్ వీడియోలకు పునాది లాసెన్ కాలేజీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన బాబ్ డన్లప్. ఆయన పద్ధతిలో నాకు నచ్చింది ఒకటుంది. ఒక్కో మోడల్ విప్పే వరస బట్టీ పట్టించకుండా, ఏ తుపాకీ అయినా చేసే పనిని దశలుగా విడగొట్టి ఆలోచించడం నేర్పుతారు. తూటా మేగజైన్ నుంచి కదలడం, చాంబర్‌లో (పేలేముందు తూటా ఉండే గదిలో) కూర్చోవడం, దాన్ని వెనక నుంచి మూసే బోల్ట్ లాక్ కావడం, పేలడం, లాక్ విడిపోవడం, ఖాళీ కేస్ బయటికి లాగడం, దాన్ని విసిరేయడం, మళ్లీ కాల్చడానికి సిద్ధంగా కాక్ కావడం.

ఈ ఎనిమిది దశలు మనసులో నిలిస్తే మరమ్మతు సగం అయినట్టే. ఖాళీ కేస్ ఇరుక్కుంటోందని ఒకాయన పిస్టల్ తెచ్చాడనుకోండి. కొత్తగా నేర్చినవాడు వెంటనే కేస్‌ను చాంబర్ నుంచి లాగే ఎక్స్‌ట్రాక్టర్‌ను మార్చేస్తాడు. దశలు తెలిసినవాడు ఆగి అడుగుతాడు. కేస్ అసలు చాంబర్ వదిలిందా, వదిలాక బయటికి పోలేదా? వదలకపోతే చాంబర్ మురికిగా ఉందేమో, ఎక్స్‌ట్రాక్టర్ కొన అరిగిందేమో. వదిలి మధ్యలో ఆగితే దాన్ని బయటికి విసిరే ఎజెక్టర్ చూడాలి, తూటా బలహీనంగా ఉండి స్లైడ్ (పిస్టల్ పై భాగం) పూర్తిగా వెనక్కి రాలేదేమో చూడాలి. ఒక్కోసారి వేరే రకం తూటాలు వేస్తే సమస్యే ఉండదు.

ఈ ఆలోచన వీడియోల్లో బాగా వస్తుంది. చేయి మాత్రం తిరగదు. వేల డాలర్లు కట్టి ఆన్‌లైన్ సర్టిఫికెట్ తెచ్చుకుని, దాన్ని చూసి షాపువాళ్లు ఉద్యోగం ఇస్తారనుకునేవాళ్ల కోసం నాకు బాధగా ఉంటుంది. షాపు యజమాని కాగితం అడగడు, మీరు చేసిన పని చూపించమంటాడు. మెషిన్ షాప్ క్లాసుకు తోడుగా వీడియోలు తీసుకుంటే ఆ జత గట్టిది.

## వేసవి క్లాసులు, కంపెనీ కోర్సులు

లాసెన్, ట్రినిడాడ్, ముర్రే, మాంట్‌గోమరీ కాలేజీల్లో ఎన్‌ఆర్‌ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) పేరు మీద షార్ట్ క్లాసులు నడుస్తూ వచ్చాయి. ఒక వారం స్టాకు చెక్కడం, ఇంకో వారం బ్లూయింగ్, మరో వారం ఒక మోడల్ మరమ్మతు. సెలవు పెట్టి వెళ్లగల ఉద్యోగులకు ఇవి సరిపోతాయి. ఆకురాయి పట్టడం రానివాళ్లు వెళితే ఆ వారమంతా దానికే పోతుంది. కాబట్టి ఇది రెండో మెట్టుగా పెట్టుకోండి. తుపాకీ మీద నగిషీ చెక్కడం ఇష్టమైనవాళ్లు కాన్సస్‌లోని ఎంపోరియాలో ఉన్న జీఆర్‌ఎస్ శిక్షణ కేంద్రాన్ని చూడొచ్చు.

గ్లాక్ లాంటి కంపెనీలు ఒక్కరోజు ఆర్మరర్ (ఆయుధాల మరమ్మతు చూసేవాడు) కోర్సు పెడతాయి. ఆ ఒక్క రకం పిస్టల్ విప్పి, అరిగిన భాగం మార్చి, సరిచూసుకోవడం అందులో వస్తుంది. సొంత పిస్టల్ వరకు చూసుకోవాలంటే అది చాలు.

## షాపులో చేరడం, సైన్యంలో చేరడం

మంచి గన్‌స్మిత్ పక్కన కూర్చునే అవకాశం వస్తే వదులుకోవద్దు. కాకపోతే ఆ పాత తరం షాపులు తగ్గాయి, ఉన్నవాళ్లకు నేర్పే తీరిక తక్కువ. మొదటి నెలల్లో తుడవడం, నూనె వేయడం, స్కోప్‌లు బిగించడమే ఉంటుంది. షాపు లైసెన్సు కింద, యజమాని కళ్ల ముందు పనిచేస్తారు కాబట్టి మీకు వేరే లైసెన్సు అక్కర్లేదు.

గ్రీన్‌కార్డు లేదా పౌరసత్వం ఉన్న యువతకు అమెరికా సైన్యంలో 91ఎఫ్ అనే చిన్న ఆయుధాలు, ఫిరంగుల మరమ్మతు ఉద్యోగం ఉంది. జీతంతో నేర్చుకోవచ్చు, బయటికొచ్చాక జీఐ బిల్‌తో కాలేజీకి వెళ్లొచ్చు. దానికోసమే సైన్యంలో చేరమని మాత్రం చెప్పను. అది వేరే జీవితం.

## డబ్బు తీసుకుని చేస్తే

సొంత తుపాకీ బాగుచేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. వ్యాపారంగా ఇతరుల తుపాకులు బాగుచేయాలంటే తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ ఇచ్చే టైప్ 01 లైసెన్సు కావాలి. మొదటి మూడేళ్లకు 200 డాలర్లు, తర్వాత ప్రతి మూడేళ్లకు 90. వయసు 21 నిండాలి. ఇంటి నుంచి నడపాలంటే ఊరి జోనింగ్ నిబంధన (ఏ చోట ఏ వ్యాపారం చేయొచ్చో చెప్పేది) ఒప్పుకోవాలి. చాలామంది ఆశ ఇక్కడే ఆగిపోతుంది, కాబట్టి కోర్సు ఫీజు కట్టేముందే సిటీ ఆఫీసులో అడగండి, హోమ్ ఓనర్స్ అసోసియేషన్ నియమాలు కూడా చదవండి. రాత్రికి మీ దగ్గర ఉండే ప్రతి తుపాకీ రాకపోకలూ పుస్తకంలో రాయాలి. బీమా ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి, ముఖ్యంగా ట్రిగ్గర్ తేలిక చేయడం లాంటి పనులకు. మీరు సవరించిన ట్రిగ్గర్ ఇంకొకరి చేతిలో అనుకోకుండా పేలితే ఆ బాధ్యత మీ తలుపు తడుతుంది.

కొలతల్లో చట్టం దాగి ఉన్న చోటు ఒకటి చెప్పాలి. రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గినా, షాట్‌గన్ బ్యారెల్ 18 అంగుళాలకు తగ్గినా అది 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కిందికి వెళ్తుంది. ముందస్తు అనుమతి లేకుండా అలా కోస్తే నేరం. పాడైన బ్యారెల్ కొన కత్తిరించే పనిని మొదట్లో ఒంటరిగా పెట్టుకోకండి.

## మీరు ఎవరైతే ఏది

వీసా మీద ఉంటే మెషిన్ షాప్ క్లాసు, మరేమీ వద్దు. గ్రీన్‌కార్డు ఉండి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సొంత తుపాకుల మీద సరదా అయితే ఒక సెమిస్టర్ మెషిన్ షాప్, తోడుగా వీడియోలు, ఆ పైన నచ్చిన అంశంలో వేసవి క్లాసు. రిటైర్మెంట్‌కు దగ్గరపడి చిన్న షాపు పెట్టాలనుకునేవాళ్లకు కూడా ఇదే వరస, కానీ జోనింగ్ సంగతి మొదట తేల్చుకోవాలి. పద్దెనిమిదేళ్ల పిల్లలైతే కాలేజీ డిగ్రీ. కాలేజీ ఎంచుకునేటప్పుడు రెండే అడగండి: వారంలో బెంచ్ దగ్గర, మిషన్ దగ్గర ఎన్ని గంటలు, ఒక గురువుకు ఎంతమంది విద్యార్థులు? సూటిగా సమాధానం చెప్పని చోట డబ్బు కట్టకండి.

## ఇండియాలో ఉండి అడుగుతున్నవాళ్లకు

ఆంధ్రాలో, తెలంగాణలో ఉంటూ ఇంట్లో నేర్చుకుంటానంటే నా సమాధానం ఒకటే, వద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకుల తయారీకే కాదు, వ్యాపారంగా మరమ్మతుకు కూడా లైసెన్సు కావాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే కనీసం ఏడేళ్ల జైలు, యావజ్జీవం దాకా పడొచ్చు. వీడియో చూసి ప్రయత్నించానంటే కోర్టు వినదు.

చట్టబద్ధమైన దారులు ఉన్నాయి. సైన్యంలో ఆయుధాల మరమ్మతు చూసేది ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్) విభాగం, దాని శిక్షణ కేంద్రం సికింద్రాబాద్‌లోనే ఉంది. అందులో ఆర్మరర్ ట్రేడ్ ఉంది. ఇంకో దారి ఐటీఐలో ఫిట్టర్ గానీ మెషినిస్ట్ గానీ చేసి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల అప్రెంటిస్ నోటిఫికేషన్ కోసం చూడటం. 2021 అక్టోబరులో ఆ ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలుగా విడదీశారు. పశ్చిమ బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్, కాన్పూర్, తిరుచిరాపల్లిలలో చిన్న ఆయుధాలు చేసే ఫ్యాక్టరీలు అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చాయి. మన మెదక్ ఫ్యాక్టరీలో అయితే కవచ వాహనాలు చేస్తారు, కాబట్టి రైఫిల్ పని కావాలంటే ఆ మూడు ఊళ్లవైపే చూడాలి. నగరంలోని లైసెన్సు ఉన్న తుపాకుల షాపులో చేరే అవకాశం వస్తే, వాళ్ల లైసెన్సులో అమ్మకంతో పాటు మరమ్మతు కూడా రాసి ఉందో లేదో మీ కళ్లతో చూశాకే పనిలో దిగండి.